ఇంకు పెన్నుల సేకరణ: వివరాల నమోదు, చార్టులు – తరచుగా అడిగే ప్రశ్నలు

తిరుపతిలోనూ చిత్తూరు వైపూ ఇంకు పెన్నులు కూడబెట్టుకునేవారు కలిసినప్పుడు మాట మొదట పాళీల మీదికి, తర్వాత ఇంకుల మీదికి, చివరికి "ఇవన్నీ మీరు ఎక్కడ రాసి పెట్టుకుంటున్నారండీ?" అన్న దగ్గరికి వస్తుంది. ఆ చివరి ప్రశ్న చుట్టూ పదేపదే వచ్చే సందేహాలకు ఇక్కడ సమాధానాలు ఇస్తున్నాము. పది పెన్నులు ఉన్నవారికైనా, రెండు వందలు ఉన్నవారికైనా ఇవి పనికొస్తాయి. స్ప్రెడ్‌షీటులో ఒక కూడిక వేయగలిగినంత పరిచయం ఉంటే చాలు.

పెన్నులు కళ్లెదుటే ఉంటాయి కదా, వాటికి మళ్లీ లెక్కలు ఎందుకు?

పెన్నులు కళ్లెదుటే ఉంటాయి, నిజమే. వాటికి జరిగినవి మాత్రం కనబడవు. ఏ పెన్నులో ఏ ఇంకు ఎప్పుడు పోశాము, అది రాసి రాసి అయిపోయిందా లేక మూత కింద ఆరిపోయిందా, పోయిన వేసవిలో ఎబొనైట్ (గట్టి రబ్బరు) పెన్ను ఎన్నిసార్లు కక్కింది, ఏళ్ల తరబడి డబ్బా విప్పని పెన్ను ఏది అన్నవి జ్ఞాపకానికి వదిలేస్తే, మనకు ఇష్టమైన పెన్నుకు అనుకూలంగానే జ్ఞాపకం సాక్ష్యం చెబుతుంది. లెక్క రాసుకున్నందుకు ఫలితం రాతబల్ల దగ్గర తేలాలి: రేపు ఏ పెన్ను నింపాలి, ఏది మరమ్మతుకు పంపాలి, ఏది మరొకరికి ఇచ్చేయాలి, ఏ నీలం రంగు ఇక కొనకూడదు. వీటిలో ఒక్కదానికీ తోడ్పడని కాలమ్‌ను, చార్టును నిస్సంకోచంగా వదిలేయవచ్చు. సేకరణ మొత్తం విలువను పెద్ద అంకెల్లో చూపే డ్యాష్‌బోర్డు చూడడానికి బాగానే ఉంటుంది గానీ, దానివల్ల ఒక్క పెన్ను కూడా అదనంగా కాగితం మీదికి రాదు.

అన్నీ ఒకే షీటులో రాసుకుంటే సరిపోదా?

పెన్నులు కొద్దిగా ఉన్నంతకాలం సరిపోతుంది. ఆ తర్వాత "ప్రస్తుతం ఉన్న ఇంకు" అనే కాలమ్ దగ్గర చిక్కు మొదలవుతుంది. కొత్త ఇంకు పోసినప్పుడల్లా పాత పేరు చెరిపి కొత్త పేరు రాస్తాము. చెరిపిన పేరుతోపాటే అప్పటిదాకా జరిగిన చరిత్రా పోతుంది. పాతకాలపు కొట్లలో చిట్టా వేరుగా, ఆవర్జా వేరుగా ఉండేవి. ఏ రోజు జరిగిన లావాదేవీ ఆ రోజే చిట్టాకెక్కేది, ఎక్కిన దాన్ని ఎవరూ చెరిపేవారు కారు. ఎవరి ఖాతాలో ఎంత అన్నది ఆవర్జాలో తేలేది. పెన్నుల విషయంలోనూ ఈ పద్ధతే మంచిది.

కాబట్టి మూడు షీట్లు పెట్టుకోండి. మొదటిది పెన్నుల షీటు, ఒక పెన్నుకు ఒక వరుస. రెండవది ఇంకుల షీటు, ఒక బుడ్డికి ఒక వరుస. మూడవది నింపుడు చిట్టా, ఒకసారి ఇంకు పోస్తే ఒక వరుస. చిట్టాలో పెన్ను పూర్తి పేరు రాయనక్కరలేదు. ప్రతి పెన్నుకూ ఒక నంబరు ఇచ్చి ఆ నంబరు వేస్తే చాలు, మిగతా వివరాలను వీలుకప్ ఫంక్షన్ పెన్నుల షీటు నుంచి తెస్తుంది. ఆ నంబరులో కంపెనీ పేరునో, రంగునో, కొన్న సంవత్సరాన్నో ఇరికించవద్దు. పేరు లేని పెన్ను ఫలానా కంపెనీదని రెండేళ్ల తర్వాత తెలిసినప్పుడు నంబరే అబద్ధమైపోతుంది. "పె-014" వంటి మూగ నంబరు ఎప్పటికీ అబద్ధమాడదు.

పెన్నుల షీటులో ఏయే కాలమ్‌లు తప్పనిసరి?

నంబరు, తయారీదారు, మోడల్, బాడీ పదార్థం, ఇంకు నింపే విధానం, పాళీ, చేతికి వచ్చిన తేదీ, ఎలా వచ్చింది, ఇచ్చిన ధర, ఇప్పటి స్థితి. ఇవి చాలు. తూకం, పొడవు, గ్రిప్ వ్యాసం వంటి కొలతలు చేతి నొప్పి ఉన్నవారికి, ఎక్కువసేపు రాసేవారికి నిజంగా పనికొస్తాయి. తక్కినవారు వాటిని తీరిక దొరికినప్పుడు నింపుకోవచ్చు. మూత వెనక తగిలించినప్పటి తూకం, తగిలించనప్పటి తూకం వేరువేరుగా రాయాలని మాత్రం మరచిపోవద్దు.

నింపే విధానం కాలమ్‌లో ముందే నిర్ణయించుకున్న నాలుగైదు మాటలే ఉండాలి: డ్రాపరుతో పోసేది, పిస్టన్ (వెనక తిప్పితే ఇంకును పీల్చేది), కన్వర్టర్ (కార్ట్రిడ్జ్ బదులు పెట్టి బుడ్డి నుంచి నింపుకునే గొట్టం), కార్ట్రిడ్జ్ (ఇంకు నింపి అమ్మే చిన్న గొట్టం), రబ్బరు తిత్తి. ఒకచోట "ఐడ్రాపర్", ఇంకోచోట "డ్రాపర్", మరోచోట "ఫిల్లరుతో" అని రాస్తే చార్టులో మూడు వేర్వేరు బార్లు లేస్తాయి. డేటా వ్యాలిడేషన్ ద్వారా డ్రాప్‌డౌన్ పెట్టుకుంటే ఈ బాధ ఉండదు. తయారీదారు పేరు విషయంలోనూ ఇదే జాగ్రత్త అవసరం.

పెన్ను ఎప్పుడు తయారైందో తెలియకపోతే ఏం రాయాలి?

ఒక సంవత్సరం బదులు రెండు కాలమ్‌లు పెట్టండి: "ఇంతకంటే ముందుది కాదు", "ఇంతకంటే తర్వాతది కాదు". తెలిసింది తెలిసినంత మేరకే రాయడానికి ఇంతకన్నా నిజాయితీగల దారి లేదు. కొన్ని పెన్నులు తమ పుట్టుకను తామే చెబుతాయి. 1987 నుంచి వచ్చిన పార్కర్ పెన్నుల మూత మీద ఒక ఇంగ్లీషు అక్షరం, దాని పక్కన నిలువు గీతలు ఉంటాయి. "క్వాలిటీ పెన్" (QUALITY PEN) అనే రెండు మాటల్లోని పది అక్షరాలు వరుసగా 0 నుంచి 9 వరకు అంకెలకు గుర్తులు. ఆ అంకె సంవత్సరంలోని చివరి అంకె. మూడు గీతలుంటే మొదటి త్రైమాసికం, రెండుంటే రెండవది, ఒకటుంటే మూడవది, గీతలు లేకపోతే నాలుగవది. అయితే అదే అక్షరం పదేళ్లకొకసారి తిరిగి వస్తుంది కాబట్టి, "E" అక్షరం 1988 కావచ్చు, 1998 కూడా కావచ్చు. మోడల్‌ను బట్టి, బిల్లును బట్టి దశాబ్దం తేల్చుకోవాలి.

చేతితో తిప్పిన ఎబొనైట్ పెన్నుల మీద సాధారణంగా ఇలాంటి గుర్తులు ఉండవు. రాజమండ్రి రత్నం పెన్ను అయితే ఆ సంస్థ 1932లో మొదలైంది గనుక ముందు హద్దు తనంతట తానే పడుతుంది. హైదరాబాదు దక్కన్ పెన్స్ పేరుంటే ముందు హద్దు 1928. రెండో హద్దు కోసం ఇంట్లో పెద్దవారిని అడగండి. పెదనాన్నగారు ఎస్వీ యూనివర్సిటీలో చేరినప్పుడు కొనిచ్చిన పెన్ను అంటే, ఆ యూనివర్సిటీ 1954లో ఏర్పడింది కాబట్టి కొన్న తేదీ అంతకు ముందుది కాదు. ఆయన డిగ్రీ పట్టా మీది సంవత్సరం ఇటువైపు హద్దు అవుతుంది. ఇలా పట్టుకున్న ఆధారాన్ని పక్కనే ఒక వాక్యంలో రాసి పెట్టుకోవాలి, లేకపోతే కొన్నాళ్లకు మన అంచనానే మనకు రుజువులా కనిపిస్తుంది.

తాతగారి పెన్నుకు, బహుమతిగా వచ్చిన పెన్నుకు ధర సున్నా అని రాయవచ్చా?

రాయకూడదు. సున్నా ఒక సంఖ్య, దాన్ని సగటులో కలుపుతారు. ఖాళీ గడిని సగటు తీసే ఫంక్షన్ పట్టించుకోదు. నాలుగు పెన్నులు ఒక్కొక్కటి రూ. 1,000కి కొని, ఐదవది తాతగారి నుంచి వచ్చిందనుకుందాం. సున్నా వేస్తే సగటు రూ. 800 అవుతుంది, ఖాళీగా ఉంచితే రూ. 1,000 అవుతుంది. మొదటిది మీరు ఎన్నడూ ఇవ్వని ధర. ధర గడి ఖాళీగా ఉంచి, "ఎలా వచ్చింది" కాలమ్‌లో "వారసత్వం" లేదా "బహుమతి" అని వేయండి.

పాళీలు మార్చుకుంటూ ఉంటాను. అప్పుడు ఏం చేయాలి?

అరుదుగా మార్చేవారు చిట్టాలోనే ఒక గడిలో రాసుకుంటే సరిపోతుంది. తరచూ మార్చేవారు, ముఖ్యంగా 5వ నంబరు, 6వ నంబరు పాళీలను ఒక పెన్ను నుంచి ఇంకో పెన్నుకు బిగించేవారు, పాళీలకు నాలుగో షీటు పెట్టి వాటికీ నంబర్లు ఇవ్వాలి. అప్పుడు చిట్టాలోని ప్రతి వరుసా పెన్ను నంబరు, పాళీ నంబరు, ఇంకు నంబరు అనే మూడింటి కలయిక అవుతుంది. గీరుకుపోతున్నది పెన్నా, పాళీయా అన్న వాదన ఇక ఊహల మీద నడవదు.

ఫైన్, మీడియం అని పాళీ మీద ఉన్నదే రాసుకుంటే చాలదా?

పోల్చడానికి చాలదు. జపాన్ కంపెనీల ఫైన్ సాధారణంగా యూరప్ కంపెనీల ఫైన్ కన్నా సన్నగా రాస్తుంది. మన దగ్గర చేతితో సాఫు చేసిన పాళీలు ఏ కొలతకూ కట్టుబడవు. కొలవడం కష్టమేమీ కాదు. ఒకే ఇంకుతో, ఒకే రకం కాగితం మీద, చేతిని ఒత్తకుండా ఒక అడ్డగీత గీసి, స్కానర్‌లో అంగుళానికి 600 చుక్కల రిజల్యూషన్‌తో స్కాన్ చేయండి. అంగుళం అంటే 25.4 మిల్లీమీటర్లు. గీత మందం 12 పిక్సెళ్లు వచ్చిందంటే 12ను 600తో భాగించి 25.4తో హెచ్చించాలి, అంటే సుమారు 0.51 మిల్లీమీటర్లు. గీత వెంబడి మూడుచోట్ల కొలిచి మధ్యవిలువ తీసుకోండి.

కాగితం మారితే ఈ కొలతకు అర్థం మారిపోతుంది. నోటుబుక్కు కాగితం ఇంకును పీల్చి గీతను లావు చేస్తుంది. అందుచేత కొలతల కోసమని ఒక దస్తా కాగితం విడిగా తీసి పెట్టుకోవడం మంచిది.

చిట్టాలో అన్నిటికన్నా విలువైన గడి ఏది?

నింపిన తేదీ, ముగిసిన తేదీ, పెన్ను, ఇంకు అనేవి ఎలాగూ ఉండాలి. వీటికి మించి విలువైనది "ఎందుకు ముగిసింది" అనే గడి. ఇంకు అయ్యేదాకా రాశాము, ఆరిపోయింది, కక్కింది, విసుగొచ్చి కడిగేశాము, ఇంకు మార్చాలనిపించింది. ఈ ఐదు కారణాలతో డ్రాప్‌డౌన్ పెట్టుకోండి. కొన్ని నెలలు రాస్తే, మీరు అందరికీ చూపించి మురిసిపోయే పెన్ను ముందు "విసుగొచ్చి కడిగేశాము" అనే మాట వరసగా కనిపించవచ్చు. మూల పడేసిన చవక హీరో పెన్ను ముందు "అయ్యేదాకా రాశాము" అనే మాటే మళ్లీ మళ్లీ రావచ్చు. సేకరణ గురించి ఇంతకన్నా సూటిగా చెప్పే కాలమ్ మరొకటి లేదు.

కక్కిన సందర్భాల్లో ఆ రోజు ఎండ ఎలా ఉంది, ఇంకు ఎంత మిగిలి ఉంది అన్నదీ రాయండి. డ్రాపరుతో పోసే పెన్నుల్లో ఇంకు మూడోవంతు కన్నా తగ్గాక పైన గాలి ఎక్కువగా చేరుతుంది. చేతి వేడికి ఆ గాలి వ్యాకోచించి ఇంకును పాళీ వైపు నెడుతుంది. మే నెలలో ఉష్ణోగ్రత నలభై డిగ్రీలు దాటే తిరుపతిలో, ఏసీ గదిలోంచి బయటికి వచ్చి జేబులోని పెన్ను తీసినప్పుడు బొట్టు పడడం అందుకే. వేసవి వరుసలను విడిగా వడగట్టి చూస్తే, ఏ పెన్నును ఏప్రిల్ నుంచి జూన్ దాకా పక్కన పెట్టాలో చిట్టాయే చెబుతుంది.

పెన్నులో ఎంత ఇంకు పడుతుందో, ఎంత ఆవిరైపోతుందో కొలవడం ఎలా?

0.01 గ్రాముల వరకు చూపే చిన్న డిజిటల్ కాటా చాలు. నగల కొలతకు వాడే రకం ఆన్‌లైనులో చవకగానే దొరుకుతుంది. పెన్ను ఇంకుల్లో అధిక భాగం నీరే కాబట్టి, ఒక గ్రాము ఇంకును ఇంచుమించు ఒక మిల్లీలీటరుగా లెక్కవేయవచ్చు. ఖాళీ పెన్ను 18.42 గ్రాములు, ఇంకు పోశాక 20.67 గ్రాములు ఉందనుకోండి, 2.25 మిల్లీలీటర్లు పట్టినట్టు. డ్రాపరు పెన్నులకు ఈ స్థాయి మామూలే. కన్వర్టర్లలో, కార్ట్రిడ్జ్‌లలో పట్టేది దీనికన్నా చాలా తక్కువ: పైలట్ కాన్-40లో సుమారు 0.4 మిల్లీలీటరు, అంతర్జాతీయ కొలత చిన్న కార్ట్రిడ్జ్‌లో సుమారు 0.8 మిల్లీలీటరు.

ఇదే కాటాతో మూత బిగుతునూ పరీక్షించవచ్చు. నింపిన పెన్నును మూత పెట్టి తూచి, రాయకుండా ఒక వారం బల్ల మీద ఉంచి, మళ్లీ తూచండి. తగ్గిన తూకమంతా మూత సందుల్లోంచి ఆవిరైన నీరే. వేసవిలో ఒకసారి, ఈశాన్య రుతుపవనాల వానలు పడే నవంబరులో ఒకసారి ఈ పరీక్ష చేసి పక్కపక్కన పెడితే తేడా స్పష్టంగా తెలుస్తుంది. వారానికి తగ్గిన గ్రాములను పెన్నుల షీటులో ఒక కాలమ్‌గా చేర్చండి. ఎక్కువగా తగ్గే పెన్నులో ముదురు ఇంకు పోయకూడదు, ఎందుకంటే నీరు పోయేకొద్దీ అది చిక్కబడి ఫీడ్‌లో (పాళీకి ఇంకు అందించే భాగంలో) పేరుకుంటుంది.

ఇంకుల రంగులను చార్టులో నిజంగా ఉన్నట్టు చూపించగలమా?

కొంతవరకు చూపించగలము. ఫోనుతో తీసిన ఫొటో మీద ఆధారపడవద్దు; ట్యూబులైటు కింద తీస్తే ఒక రంగు, కిటికీ వెలుతురులో తీస్తే ఇంకో రంగు వస్తుంది. ఇంకును ఒకే రకం అట్టముక్క మీద దూదిపుల్లతో పూసి, పూర్తిగా ఆరాక, ఆటోమేటిక్ సవరణలన్నీ ఆపి ఒకే స్కానర్‌లో స్కాన్ చేయాలి. ఆ మచ్చ మధ్యభాగం నుంచి రంగు విలువ తీసి ఇంకుల షీటులో వేసుకోండి. ఆ విలువను వర్ణం, గాఢత, వెలుగు అనే మూడు అంకెలుగా మార్చి, అడ్డంగా వర్ణం, నిలువుగా వెలుగు పెట్టి చుక్కలు వేస్తే, మీ దగ్గర ఉన్న బుడ్లన్నీ ఎక్కడ గుంపు కట్టాయో కనిపిస్తుంది. చాలామందికి ముదురు నీలాల దగ్గర ఒక తేనెతుట్టె, ఆకుపచ్చల దగ్గర ఖాళీ మైదానం బయటపడతాయి. కొత్త బుడ్డి ఆర్డరు పెట్టేముందు చూడవలసిన చార్టు ఇదే.

మెరుపు పొడి కలిపిన ఇంకులకు, ఆరాక వేరే రంగులో జిగేలుమనే ఇంకులకు ఒక్క రంగు విలువ న్యాయం చేయదు. వాటికి ఒక గుర్తు పెట్టి వదిలేయండి. ఐరన్ గాల్ ఇంకులకు కూడా విడిగా గుర్తు అవసరం. అవి రాసినప్పుడు ఒక రంగులో ఉండి, గాలి తగిలి నల్లబడతాయి. పైగా పెన్నులో ఎక్కువ రోజులు ఉంచితే స్టీలు పాళీకి మంచిది కాదు. ఈ రసాయనం మన జిల్లాకు కొత్తదేమీ కాదు. శ్రీకాళహస్తి కలంకారీలో నల్లగీతలకు బెల్లం నీటిలో ఇనుప తుక్కు పులియబెట్టిన ద్రావణం వాడతారు. కరక్కాయ పట్టించిన గుడ్డ మీద ఆ గీత పడగానే ఇనుము, కరక్కాయలోని టానిన్ కలిసి నల్లగా మారతాయి. ఐరన్ గాల్ ఇంకులో జరిగేదీ ప్రధానంగా ఇదే.

ఇన్ని రకాల చార్టుల్లో నాకు ఏది కావాలి?

ముందు ప్రశ్న రాసుకోండి, చార్టు ఆ తర్వాత. ఏ పెన్ను ఎక్కువగా వాడుతున్నాను అన్నదానికి అడ్డ బార్ల చార్టు, పెద్దది పైన, చిన్నది కింద. ధరకూ వాడకానికీ పొంతన ఉందా అన్నదానికి చుక్కల చార్టు, అడ్డంగా ధర, నిలువుగా ఇంకుతో ఉన్న రోజులు. కుడివైపు అడుగున పడిన చుక్కలు ఖరీదైనవి, వాడనివి. ఆ నాలుగైదు చుక్కలకే పేర్లు రాస్తే చాలు. ధరలు రూ. 100 నుంచి రూ. 40,000 దాకా ఉంటే అడ్డ అక్షాన్ని లాగరిథమిక్‌గా మార్చండి, లేకపోతే చవక పెన్నులన్నీ ఎడమ అంచుకు అతుక్కుపోతాయి.

పై చార్టు, అంటే గుండ్రటి ముక్కల చార్టు, చాలామంది మొదట గీసేది. విలియం ప్లేఫెయిర్ 1801లో దీన్ని ప్రచురించిన నాటి నుంచి దానికి ఆదరణ తగ్గలేదు. కానీ పద్నాలుగు కంపెనీల పెన్నులను అందులో వేస్తే ఏ ముక్క పెద్దదో చెప్పడానికి అంకెలు చదవక తప్పదు. గణాంక నిపుణులు విలియం క్లీవ్‌లాండ్, రాబర్ట్ మెక్‌గిల్ 1984లో ప్రచురించిన ప్రయోగాల్లో, ఒకే గీత నుంచి మొదలయ్యే పొడవులను మనుషులు కోణాలకన్నా చాలా కచ్చితంగా పోల్చగలరని తేలింది. బార్ చార్టు చూడడానికి సాదాగా ఉండవచ్చు, కానీ ఒక్క చూపులో జవాబిస్తుంది. త్రీడీ బార్లు, పెన్ను బొమ్మలు పేర్చి గీసే చార్టులు బంధువులకు చూపించడానికి సరే.

బార్లకు ఆయా ఇంకుల రంగులే వేయాలన్న కోరిక అందరికీ కలుగుతుంది. ఇంకుల చార్టులో అది అందంగానే ఉంటుంది. లేత పసుపు ఇంకు బార్ తెల్ల కాగితం మీద మాయం కాకుండా సన్నని బూడిదరంగు అంచు వేయండి. ఎరుపు, ఆకుపచ్చల తేడా గుర్తించలేనివారు కూడా మీ చార్టు చూస్తారు కాబట్టి, రంగు చెప్పే సంగతిని పేరూ చెప్పాలి.

ఏ పెన్ను ఏ కాలంలో ఇంకుతో ఉందో ఒకే బొమ్మలో చూడవచ్చా?

చూడవచ్చు. మా ఉద్దేశంలో చిట్టా రాసేవారికి దక్కే అసలు ఫలం ఇదే. నిలువుగా పెన్నులు, అడ్డంగా తేదీలు, నింపిన రోజు నుంచి ముగిసిన రోజు దాకా ఒక పట్టీ, ఆ పట్టీకి ఇంకు రంగు. దీనికి ప్రత్యేక సాఫ్ట్‌వేర్ అవసరం లేదు. చిట్టాలో "ముగిసిన తేదీ" నుంచి "నింపిన తేదీ" తీసివేస్తే వ్యవధి వస్తుంది. నింపిన తేదీని మొదటి సిరీస్‌గా, వ్యవధిని రెండవ సిరీస్‌గా పెట్టి, ఒకదాని పక్కన ఒకటి పేర్చే అడ్డ బార్ చార్టు గీయండి. తర్వాత మొదటి సిరీస్‌కు రంగు తీసేయండి. కనిపించని బార్ తేదీ వరకు నెట్టుకొస్తుంది, కనిపించే బార్ అక్కడి నుంచి మొదలవుతుంది. అడ్డ అక్షం కనిష్ఠ విలువను మీ మొదటి తేదీకి మార్చకపోతే చార్టు 1900 ప్రాంతంలో మొదలై పట్టీలన్నీ కుడి అంచుకు నలిగిపోతాయి. ఇంకా ముగియని వరుసలకు ముగింపు తేదీగా టుడే ఫంక్షన్ పెట్టవచ్చు.

ఈ పద్ధతిలో చిట్టాలోని ఒక్కో వరుసకు ఒక్కో గీత వస్తుంది. ఒక పెన్ను పట్టీలన్నీ ఒకే గీత మీద కావాలంటే పైథాన్ లేదా ఆర్ భాషల్లో గీయడమే సులువు.

ఆ బొమ్మను కాసేపు చూడండి. ఒకే సమయంలో ఎన్ని పట్టీలు నడుస్తున్నాయో నిలువుగా లెక్కపెట్టండి. పట్టీలు పొడుగ్గా, ఎక్కువగా ఉంటే మీరు రాయగలిగినదానికన్నా ఎక్కువ పెన్నులు నింపుతున్నారని అర్థం, వాటిలో చాలావరకు ఆరిపోయి ముగుస్తాయి. పొట్టి పట్టీలు వెంటవెంటనే వస్తుంటే ఆ పెన్ను మీ చేతికి కుదిరిందని అర్థం.

ఒక్కో పెన్నుకు రోజుకు ఎంత ఖర్చయిందో లెక్కించడం సబబేనా?

ధరను ఇంకుతో ఉన్న రోజులతో భాగిస్తే ఒక అంకె వస్తుంది. కొత్త పెన్నుకు అది ఎప్పుడూ భయపెట్టేంత ఎక్కువగా ఉంటుంది, కాబట్టి ఏడాది దాటిన పెన్నుల మధ్యనే పోల్చండి. పైగా ఇంకుతో ఉన్న రోజు, రాసిన రోజు ఒకటి కావు. రాసిన రోజులే కావాలంటే డైరీలో ఆ రోజు రాసిన పెన్ను నంబరును పేజీ మూలలో వేసుకోండి. నెలాఖరున ఒకసారి షీటుకు ఎక్కించవచ్చు.

తేదీలు తారుమారవుతున్నాయి. ఎందుకు?

మన దేశంలో రోజు ముందు, నెల తర్వాత రాస్తాము; స్ప్రెడ్‌షీటు అమెరికా పద్ధతిలో ఉంటే నెలను ముందు చదువుతుంది. అందువల్ల 04/05 ఏప్రిల్ 5 అవుతుంది, 25/05 మాత్రం తేదీయే కాదని పక్కన పెడుతుంది. సగం తేదీలు తప్పుగా, సగం అక్షరాలుగా ఉన్న షీటును సరిచేయడం నరకం. మొదటి రోజే షీటు లొకేల్‌ను (ఏ దేశపు పద్ధతి అన్న సెట్టింగును) భారతదేశానికి మార్చండి, రాసేటప్పుడు 2024-05-04 లాగా సంవత్సరం ముందు పెట్టి రాయండి.

తెలుగులో రాసిన పేర్లు వేరే చోట తెరిస్తే పిచ్చిగీతల్లా వస్తున్నాయి. ఏం చేయాలి?

రెండు వేర్వేరు సమస్యలు ఇలా కనిపిస్తాయి. సీఎస్‌వీ ఫైలును నేరుగా ఎక్సెల్‌లో తెరిచినప్పుడు తెలుగంతా అర్థంకాని గుర్తులుగా మారితే, అది ఎన్‌కోడింగ్ సమస్య. ఫైలును డబుల్ క్లిక్ చేయకుండా డేటా మెనూ ద్వారా దిగుమతి చేసుకుని, "65001: యూనికోడ్ (యూటీఎఫ్-8)" ఎంచుకోండి.

అక్షరాలు తెలుగులోనే ఉండి, ఒత్తులు విడిపోయి, గుణింతాలు పక్కకు జరిగితే, అది చార్టు గీసే సాధనం తెలుగు అక్షరాలను కూర్చలేకపోవడం. పైథాన్‌లోని మ్యాట్‌ప్లాట్‌లిబ్‌తో చాలాకాలంగా ఉన్న ఇబ్బంది ఇది. ఫాంటు మార్చినంత మాత్రాన పోదు. చార్టును ఎస్‌వీజీ ఫైలుగా, అక్షరాలను గీతలుగా మార్చకుండా అక్షరాలుగానే దాచి, బ్రౌజర్‌లో తెరిస్తే బ్రౌజర్ సరిగా కూరుస్తుంది. ఆర్ వాడేవారికి రాగ్ (ragg) ప్యాకేజీ ఈ పని చేసిపెడుతుంది. గూగుల్ షీట్స్ చార్టుల్లో సాధారణంగా ఈ చిక్కు రాదు.

దీనికి తయారైన వెబ్‌సైట్లు ఉన్నాయి కదా, వాటిని వాడవచ్చా?

వాడవచ్చు. ఫౌంటెన్ పెన్ కంపానియన్ అనే సైటు పెన్నులు, ఇంకులు, ప్రస్తుతం నింపి ఉన్నవి అనే మూడింటినీ నమోదు చేసుకోనిస్తుంది. స్ప్రెడ్‌షీటుతో కుస్తీ పట్టడం ఇష్టం లేనివారికి అది హాయి. ఏ సైటు వాడినా ఏడాదికి రెండుసార్లు మీ వివరాలను దించుకుని దగ్గర పెట్టుకోండి. దించుకోనివ్వని యాప్‌లో రాయడం మొదలుపెట్టవద్దు.

ఫొటోలు ఎలా భద్రపరచాలి? భీమా కోసం ఇవి పనికొస్తాయా?

ఫైలు పేరు పెన్ను నంబరుతో మొదలైతే వెతుకులాట ఉండదు. ఒక్కో పెన్నుకు మూడు ఫొటోలు చాలు: మూత పెట్టి నిలువుగా, పాళీ దగ్గరగా, ఏదైనా ముద్ర ఉంటే ఆ ముద్ర. ఎబొనైట్ పెన్నులకు ఏటా ఒకే వెలుతురులో ఒక ఫొటో అదనంగా తీయండి. ఎండకూ తేమకూ ఎబొనైట్ రంగు మెల్లగా గోధుమ వైపు మళ్లుతుంది, ఆ మార్పు పక్కపక్కన పెడితే తప్ప కంటికి ఆనదు. ఇంటి భీమా తీసుకునేటప్పుడు బిల్లులు, ఫొటోలు ఉన్న జాబితా చూపగలిగితే పని సులువవుతుంది. ఖరీదైన వస్తువులను విడిగా పేర్కొనాలో లేదో కంపెనీని ముందే అడిగి రాతపూర్వకంగా తీసుకోండి. చార్టులను ఇతరులకు చూపించేటప్పుడు ధరల కాలమ్, ఇంటి చిరునామా ఉన్న బిల్లుల ఫొటోలు తీసేయడం మంచిది.

షీటులో ఉన్నవీ పెట్టెలో ఉన్నవీ సరిపోతున్నాయో ఎప్పుడు చూసుకోవాలి?

ఏడాదికి ఒకసారి చాలు. దసరాలో పుస్తకాలూ పెన్నులూ పూజలో పెట్టే అలవాటున్న ఇళ్లలో అంతకన్నా అనువైన రోజు లేదు. ఎలాగూ పెన్నులన్నీ బయటికి వస్తాయి, కడుగుతాము, తుడుస్తాము. పూజలో పెట్టేముందు ఒక్కొక్కటీ షీటుతో సరిచూసి "చివరగా చూసిన తేదీ" కాలమ్‌లో ఆ రోజు తేదీ వేయండి. తేదీ పడని వరుసలే ఆ తర్వాత వెతకవలసిన పెన్నులు. సాధారణంగా అవి ఆఫీసు డ్రాయరులోనో, అరువిచ్చిన మిత్రుడి జేబులోనో దొరుకుతాయి.

పెన్ను అమ్మేసినా, ఎవరికైనా ఇచ్చేసినా ఆ వరుస తొలగించాలా?

తొలగించవద్దు. తొలగిస్తే చిట్టాలోని పాత వరుసలు అనాథలవుతాయి, వాటి ఇంకు వాడకం లెక్కలు తప్పుతాయి. స్థితి కాలమ్‌లో "ఇచ్చేశాము" అని వేసి, తేదీ, ఎవరికి ఇచ్చామన్నది రాయండి. చార్టుల్లో స్థితిని బట్టి వడగట్టుకోవచ్చు. ఆ నంబరును ఇంకో పెన్నుకు ఎన్నడూ ఇవ్వకూడదు. అదే పెన్ను ఎప్పుడైనా తిరిగి మీ దగ్గరికి వస్తే, పాత నంబరుతోనే చిట్టాలో కొత్త వరుస మొదలుపెట్టండి.